బతికున్న వాళ్లకి నల్ల అట్టలు

"చంపింది మీరే! బయటి వాళ్లెవరో కాదు, ఈ బల్ల చుట్టూ కూర్చుని తీరిగ్గా కాఫీ తాగుతున్నారే, మీరే!"

రాగ్నా రెండు చేతులతో మోసుకొచ్చిన ఇనప సొరుగుని కాఫీ బల్ల మీద దబ్బున పడేసింది. కప్పులు ఎగిరిపడ్డాయి. ఏడు రకాల బిస్కట్లు పేర్చిన పళ్లెం ఒరిగి, బాదం బిస్కట్లన్నీ తోడికోడలు హిల్లెవి ఒళ్లో పడ్డాయి.

హిల్లెవి కదల్లేదు. ఒళ్లోని బిస్కట్లనీ చూడలేదు. తల తిప్పి మొగుడి వంక చూసింది.

"ఆదివారం పూట, చర్చి నించి వచ్చి గంట కాలేదు, ఏమిటీ గోల వదినా?" అన్నాడు స్టూరె, గొంతు పెంచకుండా. అన్న హోల్గర్, అంటే రాగ్నా మొగుడు, పోయాక దుకాణానికి యజమాని అతనే. గొంతు పెంచకుండా మాట్లాడ్డం అతనికి యజమాని అయిన మర్నాటి నించే వచ్చింది.

"గోల నాది కాదు. డాల్స్‌లాండ్ నించి నిన్న బస్సెక్కి వచ్చిందే ముసలామె, ఆస్తా, ఆవిడది. నువ్వు పైనించి కిటికీ తెర తొలగించి చూశావుగా. కిందికి మాత్రం దిగలేదు."

"ఎవరో కొనుగోలుదారు. దుప్పటి బాగాలేదని వచ్చుంటుంది."

"దుప్పటి బాగానే ఉందిట. తను చచ్చిపోయిందని మనం రాశామనే వచ్చింది!"

కిటికీ పక్క కుర్చీలో అత్తగారు ఎల్ఫ్రిదా పంటి కింద చక్కెర ముక్క పెట్టుకుని, సాసర్లో పోసుకున్న కాఫీని జుర్రుతోంది. ఈ దుకాణాన్ని పెట్టింది ఆవిడ. పోస్టులో దుప్పట్లూ, ఉన్ని లోదుస్తులూ, తువ్వాళ్లూ పంపే దుకాణాలు బూరోస్ ఊళ్లో వీధికొకటి ఉన్నాయి గానీ, కొన్నవాడు పోతే ఇంటికి సంతాపం కార్డు పంపే దుకాణం ఇదొక్కటే. ఆ పద్ధతీ ఆవిడదే. ఇప్పుడు చెవి వినపడనట్టు కూర్చుంది. ఆవిడ చెవులు బంగారంలా పనిచేస్తాయని ఇంట్లో అందరికీ తెలుసు.

రాగ్నా కోటు జేబులోంచి కార్డు తీసి స్టూరె ముందు పడేసింది. నల్ల అంచు, వెండి రంగు శిలువ. 'మీ ఇంటి దుఃఖంలో మేమూ పాలుపంచుకుంటున్నాము.'

"ఆస్తా ఒంటరిది. పోస్టులో వచ్చిన కార్డు ఆవిడే చింపుకుని, ఆవిడే చదువుకుంది. ఏమందో తెలుసా? 'అమ్మాయీ, నా చావుకి నాకే సానుభూతి పంపారు, మీ మర్యాదకి సంతోషం. కానీ కేటలాగు ఆపకండి, చచ్చినా చలేస్తుంది' అంది. చిరునామాల పలకలు కొట్టే గదిలో పనిచేసే ఆడపిల్లలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు."

స్టూరె పెదవి ఒక పక్కకి లాగాడు. "ఒక్క పొరపాటుకి ఇంత…"

"ఒక్కటా? చూడు!"

సొరుగు ముందుకి తోసింది. అరచేతి వెడల్పు జింకు పలకలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో పలక మీద ఉబ్బెత్తు అక్షరాలతో ఒక్కో మనిషి పేరు, ఊరు. మరలో పెట్టి తొక్కితే కేటలాగు అట్ట మీద చిరునామా పడుతుంది. మనిషి ఇల్లు మారితే కొత్త పలక కొడతారు. మనిషి పోతే పలక మూల కత్తిరించి తుక్కు పెట్టెలో వేసి, ఆ చోట నల్ల అట్ట పెడతారు. ఆఫీసు పిల్ల మాయ్‌లిస్ శుక్రవారాల్లో సొరుగులన్నీ తిరగేసి, కొత్త నల్ల అట్ట కనపడ్డ చోటల్లా, అట్ట మీద పెన్సిలుతో రాసిన పేరు, ఊరు చూసి సంతాపం కార్డు పంపి, పేరు చెరిపేసి తేదీ వేస్తుంది. అట్ట ఎవరు పెట్టారని అడగడం ఆ పిల్ల పని కాదు. అడిగే పనిని ఏ యజమానీ ఏ పిల్లకీ అప్పగించడు.

సొరుగులో నల్ల అట్టలు పళ్లూడిన నోట్లో సందుల్లా ఉన్నాయి.

"నిన్న మధ్యాహ్నం నించీ సొరుగులన్నీ లాగి చూశాను. శరదృతువు నించీ నాలుగొందల మంది పైనే చచ్చిపోయారు. ఏ జబ్బో మరి, సొరుగు అంచున తమ చోట ఎర్ర గుర్తు ఉన్నవాళ్లనే ఎంచుకుని కొట్టింది. ఏడాదికి మూడు సార్లు కొని, పార్సిల్ వచ్చిన రోజే పోస్టాఫీసుకి వెళ్లి డబ్బు కట్టి విడిపించుకునేవాళ్లు. వాళ్లే పోయారు. పార్సిల్ తిప్పి పంపేసే నీలం గుర్తు వాళ్లు ఒక్కళ్లూ పోలేదు. దిట్టంగా ఉన్నారు!"

గోడ గడియారం తన పని తాను చేసుకుపోతోంది.

హిల్లెవి ఒళ్లోని బిస్కట్లు ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో పెట్టడం మొదలుపెట్టింది. "అక్కా, చలికాలం కదా. పెద్దవాళ్లు పోతుంటారు."

"డబ్బు కట్టే పెద్దవాళ్లేనా?"

"నామీదెందుకు అరుస్తావు? నేను పలకల గదిలో అడుగు పెట్టి పదేళ్లయింది."

"పెళ్లికి ముందు ఆరు నెలలు ఆ మర తొక్కినదానివే నువ్వు. మూల కత్తిరించడం నేనే నేర్పాను నీకు."

హిల్లెవి చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఆరు నెలల సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. యజమాని భార్య మర తొక్కిందని ఊరికి తెలిస్తే ఊరు మునిగిపోతుంది మరి.

స్టూరె కుర్చీ వెనక్కి జరిపాడు. "సరే వదినా. లెక్కలోకి వద్దాం. పలకల గది తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గర."

"మెళ్లో వేలాడుతుంది, అవునా? వచ్చే మే నించి పోస్టువాళ్ల కొత్త అంకెలు వస్తాయని, ప్రతి చిరునామాకీ ఐదంకెలు కొట్టాలని సొరుగులన్నీ ఒక్కొక్కటే బయటికి తీయించింది ఎవరు?"

"నేనే. తీయకుండా ఎలా కొడతారు?"

"అదే అంటున్నాను. అన్ని పలకలూ నీ చేతిమీదుగానే వెళ్లాయి." స్టూరె కాఫీ చెంచా సాసర్లో నిలువుగా సర్దాడు. "ఇంకో మాట. రూనె బాగున్నాడా?"

రూనె నది అవతల గట్టున ఇంకో దుప్పట్ల దుకాణంలో మేస్త్రీ. హోల్గర్ పోయిన నాలుగేళ్లకి, మొన్న నవంబరులో, ఆమె అతనితో రెండు సార్లు సినిమాకి వెళ్లింది. రెండు సార్లే. రెండో సారి టిక్కెట్టు తనే కొనుక్కుంది కూడా.

"రూనెకీ దీనికీ ఏమిటి?"

"నాకేం తెలుసు? కొత్త దుకాణం పెట్టుకోవాలనుకునే మేస్త్రీకి మంచి పేర్లు నాలుగొందలు దొరికితే చాలుట. ఊళ్లో అనుకుంటున్నారు."

"ఊళ్లో అనుకోవట్లేదు. నువ్వు అంటున్నావు."

"నేనేమీ అనలేదు వదినా. అడిగాను."

దొంగతనం మోపడం ఇలాగే జరుగుతుంది. ఎవరూ నిన్ను దొంగ అనరు. తాళం ఎవరిదని అడుగుతారు, సినిమాకి ఎవరితో వెళ్లావని అడుగుతారు, ఆపేసి చెంచా సర్దుకుంటారు. మిగతాది నీ చుట్టూ ఉన్నవాళ్లు తమంతట తామే కూడుకుంటారు. రేపు పొద్దున పలకల గదిలో పన్నెండు మంది ఆడపిల్లలు రాగ్నా వంక చూసే చూపు మారిపోతుంది. ఆ గది పెత్తనం పోతే ఆమెకి పని పోతుంది, ఆ గది మీదున్న రెండు గదుల ఇల్లు పోతుంది. దొంగ అన్న పేరుతో పోతే ఈ ఊళ్లో ఇంకే పోస్టు దుకాణమూ గడప తొక్కనివ్వదు. నలభై ఆరేళ్ల ఆడదానికి ఆ పేరు ఉరితాడు.

ఆమె కూర్చోలేదు. నిలబడే ఉంది.

"నేనూ ఒకటి అడుగుతాను. గురువారం నాడు నల్ల కోట్లు వేసుకుని ఇద్దరు వచ్చారు. నువ్వే వెంటబెట్టుకుని పలకల గదికి తీసుకొచ్చావు. భోజనానికి వెళ్లండని మమ్మల్ని గంట ముందే పంపించేశావు. ఎవరు వాళ్లు?"

"బీమా వాళ్లు."

"బీమా వాళ్లు సొరుగులు లాగి ఎర్ర గుర్తులు వేళ్లతో లెక్కపెడతారా? కోటు మర్చిపోయి వెనక్కి వచ్చాను. తలుపు సందులోంచి చూశాను."

స్టూరె తల్లి వంక చూశాడు. తల్లి సాసరు వంక చూసుకుంటోంది.

"చెప్పరా," అంది ఎల్ఫ్రిదా. రాగ్నా వచ్చినప్పటి నించీ ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. "ఎలాగూ తెలుస్తుంది."

స్టూరె గాలి పీల్చి వదిలాడు. "అమ్మేస్తున్నాను. పెద్ద కంపెనీకి. మంగళవారం సంతకం."

"ఏం అమ్మేస్తున్నావు?"

"దుకాణం."

"దుకాణం అంటే ఏమిటి? ఈ ఇల్లా? మరలా?"

"ఇల్లు వాళ్లకి అక్కర్లేదు. మరలు పాతవిట." నోరు తడుపుకున్నాడు. "చిరునామాలు. పలకలు కావాలి. అంతే."

"మరి పిల్లలు? పన్నెండు మంది?"

"వాళ్లకి సొంత మనుషులున్నారు వదినా. పెద్ద కంపెనీ అన్నాక ఉంటారుగా."

"ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

"సంతకం అయ్యాక. ముందే చెబితే అంకెలు కొట్టడం మానేస్తారని…"

అదీ సంగతి. కొత్త అంకెలు కొట్టించి, చిరునామాలు తాజాగా చేయించి, కొట్టిన చేతుల్నే వీధిలో పారేసే ఏర్పాటు. క్రిస్మస్ సెలవుల్లో కూడా పిల్లలు వచ్చి పలకలు కొట్టారు. చేతివేళ్లు పగిలితే వాజలీను రాసుకుని కొట్టారు. ఎవరి కోసం కొడుతున్నామని ఒక్క పిల్లా అడగలేదు, ఎందుకంటే వాళ్లకి జవాబు తెలుసుననుకున్నారు.

రాగ్నాకి ఏదో పొసగలేదు. కోపంలో ఉన్నా లెక్క ఆగలేదు.

కొనేవాళ్లకి కావలసినవి ఎర్ర గుర్తులే. మరి అమ్మేవాడు తన సరుకులోంచి ఎర్ర గుర్తులే ఎందుకు పీకేస్తాడు? స్టూరె దుర్మార్గుడైతే కావచ్చు గానీ, తన సంచికి తనే చిల్లు పెట్టుకునే రకం కాదు.

అయితే బయటి దొంగ? బయటి దొంగ పలక లాక్కుని పోతాడు. పోతూ పోతూ ఆ ఖాళీలో నల్ల అట్ట ఎందుకు పెడతాడు? మీద పెన్సిలుతో పేరు రాసి, పక్క పలకలు వాలిపోకుండా అట్టని రెండు మునివేళ్లతో కిందికి నొక్కి మరీ పెడతాడా? దొంగకి అంత పద్ధతి ఎక్కడిది?

చెయ్యికి అలవాటై ఉండాలి. బుర్ర దొంగతనం చేస్తున్నా చెయ్యి మాత్రం అట్ట పెట్టకుండా ఉండలేనంత అలవాటు.

ఆమె చూపు మెల్లగా కిటికీ పక్క కుర్చీ మీదికి వెళ్లింది. సాసరు పట్టుకున్న ముసలి వేళ్ల దగ్గర ఆగింది.

"అత్తయ్యా."

ఎల్ఫ్రిదా కాఫీ చివరి గుక్క తాగింది.

"అత్తయ్యా, మీరా?"

"అట్ట పెట్టకుండా ఖాళీ ఎలా వదులుతానే?" అంది ముసలామె విసుగ్గా. "పలకలన్నీ ఒరిగిపోవూ?"

హిల్లెవి చేతిలోని బిస్కట్టు విరిగింది.

"అమ్మా!" స్టూరె గొంతు మొదటిసారి పైకి లేచింది. "నువ్వా? నా వెనకాల?"

"నీ ముందర ఎలా చేస్తాను? నువ్వు నా వెనకాల అమ్మలేదూ?" ఎల్ఫ్రిదా సాసరు కిటికీ గట్టు మీద పెట్టింది. "మా నాన్న మూట వీపున వేసుకుని డాల్స్‌లాండ్ దాకా నడిచి గుడ్డలు అమ్మాడు. ఏ గడపలో కుక్క కరుస్తుందో, ఏ ఇంటావిడ మంచుల్లో పిలిచి గంజి పోస్తుందో నోటితో చెప్పి పోయాడు. ఎర్ర గుర్తులంటే వాళ్లు. వాళ్ల కోడళ్లు, వాళ్ల మనవరాళ్లు. ఒరే, నువ్వు అమ్మేది గుడ్డలు కాదు. మనకి తలుపు తీసినవాళ్లని అమ్ముతున్నావు. తీసుకో, నీలం గుర్తులు తీసుకో. పెద్ద కంపెనీకి అవి చాలు."

"అంటే మీరు దుకాణం మళ్లీ పెడతారా? డెబ్భై ఎనిమిదేళ్లకి?" అంది రాగ్నా.

"నేనెక్కడ పెడతాను? నువ్వు పెడతావు. ఆ రూనె కూడా చూడ్డానికి పర్వాలేదు. నీకు చెబుదామనే ఉన్నాను."

"ఎప్పుడు చెబుదామని? ఇందాక మీ కొడుకు నన్ను దొంగని చేస్తున్నప్పుడు చక్కెర ముక్క చప్పరిస్తూ కూర్చున్నారే, అప్పుడా?" మర్యాద తప్పిందని ఆమెకి తెలుసు. తప్పనీ అనుకుంది. "మీ నాన్నకి గంజి పోసినవాళ్లు అంటున్నారు. వాళ్ల ఇంటికి మీరు పంపింది ఏమిటి? చావు కబురు!"

ఎల్ఫ్రిదా మొహం మొదటిసారి వాడింది. "మాయ్‌లిస్ కార్డులు పంపుతుందని… మర్చిపోయాను."

"మీరు పెట్టిన పద్ధతే!"

"మర్చిపోయానన్నానుగా." ముసలామె చెయ్యి శాలువా అంచు వెతుక్కుంది. "పలకలు ఎక్కడికీ పోలేదు. మీరు సొరుగులు బయట పెట్టి భోజనానికి వెళ్లినప్పుడు యాప్రాన్ జేబులో నాలుగేసి చొప్పున పైకి మోశాను. అటకమీద నా దుప్పట్ల పెట్టెలో ఉన్నాయి. మూల కూడా కత్తిరించలేదు. ఒక్కటి కూడా."

రాగ్నా అప్పటికే మెట్ల మీదుంది. వెనకాల స్టూరె పరిగెత్తాడు. ఇద్దరూ ఒకే పెట్టె కోసం పరిగెత్తుతున్నారు గానీ, అతను పలకల్ని మంగళవారానికి ముందు సొరుగుల్లో సర్దాలని, ఆమె మంగళవారం దాకా సొరుగుల దగ్గరికి రానివ్వకూడదని.

అటకమీద గాలికి కర్పూరం వాసన. ఎల్ఫ్రిదా పెళ్లినాటి నీలం రంగు పెట్టె దూలం కింద ఉంది. తాళం లేదు. స్టూరె మూత ఎత్తాడు.

దుప్పట్లున్నాయి. నాలుగు మడతలు. రాగ్నా అన్నీ తీసి నేలమీద పడేసింది. చెక్క అడుగు తెల్లగా కనపడింది.

ఒక్క పలక లేదు.

"అబద్ధం చెప్పింది," అన్నాడు స్టూరె, ఆయాసపడుతూ.

"ఆవిడ దొంగతనం చేస్తుంది గానీ అబద్ధం చెప్పదు." రాగ్నా మోకాళ్ల మీదే కూర్చుండిపోయింది. దూలం పక్కన నేల కడిగినట్టుంది. పాత కుర్చీలు లేవు, విరిగిన ఉయ్యాల లేదు, హోల్గర్ స్కీలు లేవు. "అటక ఎవరు సర్దించారు?"

స్టూరె ఆ మాటకి వెనక్కి తిరిగాడు. గబగబా మెట్లు దిగాడు. రాగ్నా వెనకాలే దిగింది.

హిల్లెవి బల్ల దగ్గరే ఉంది. బిస్కట్లన్నీ మళ్లీ గుండ్రంగా పేర్చేసింది.

"హిల్లెవీ. అటక నువ్వు సర్దించావా?" అడిగింది రాగ్నా.

"శుక్రవారం. ఇల్లు విడిగా అమ్మాలిట, చూడ్డానికి మనుషులొస్తారని ఈయనే అన్నారు." మొగుణ్ణి చూసి అప్పుడు చెప్పింది. "తుక్కు బండివాడిని పిలిచాను. పాతవన్నీ ఇచ్చేశాను."

"పెట్టెలోవి?"

"పలకలా? ఇచ్చేశాను. విడిగా ఉన్న పలకలు చచ్చిపోయినవాళ్లవే కదక్కా? ఎప్పుడూ తుక్కుకే ఇస్తాం కదా?"

ఎల్ఫ్రిదా కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయింది.

"మూలలు కత్తిరించి ఉన్నాయా?" రాగ్నా అడిగింది, చాలా నెమ్మదిగా.

"చూడలేదు."

"ఆరు నెలలు ఆ మర తొక్కినదానివి. పలక చేతిలో పడితే ముందు బొటనవేలు మూల మీదికే పోతుంది. చూడలేదా?"

"చూడలేదన్నాగా!"

నిజమే కావచ్చు. పెద్దింటి కోడలై పదేళ్లయ్యాక బొటనవేలు మర్చిపోనూవచ్చు. లేదా బండివాడి బదులు నల్ల కోటు వాళ్లే వచ్చి పట్టుకుపోయి ఉండొచ్చు. హిల్లెవి మొహంలో ఆ రెంటిలో ఏదో చదవాలని రాగ్నా ఎంత చూసినా, బిస్కట్ల వరస తప్ప ఇంకేమీ కనపడలేదు. స్టూరె మాత్రం ఒక్కసారి కూడా పెళ్లాన్ని ఏమీ అడగలేదు. తన సరుకులో సగం విలువ తుక్కులో పోయిందని విన్నవాడు అరవాలి. అతను అరవలేదు.

ఆ పేర్లు ఇంకెక్కడా లేవు, అట్టల మీదవి మాయ్‌లిస్ చెరిపేసింది. ఆర్డరు కాగితాలు ఏటా కొత్త సంవత్సరానికి పొయ్యిలో పెడతారు. పలక కరిగితే మనిషి కరిగినట్టే. ఇంకే దుకాణం వాళ్లనీ పేరు పెట్టి పిలవదు. ఆస్తా ఒక్కతే బస్సెక్కి వచ్చి నేను బతికే ఉన్నాను అని చెప్పగలిగింది. మిగతావాళ్లు పోస్టు పెట్టె మూత ఎత్తి చూసి, ఖాళీగా ఉంటే దించి, లోపలికి వెళ్లిపోతారు.

రాగ్నా మెళ్లోంచి తాళం తీసి బల్ల మధ్యలో పెట్టింది.

"తుక్కు కొలిమి ఆదివారం వెలిగించరు. రేపు పొద్దున వెలిగిస్తారు. స్టూరె, కారు తాళం తియ్యి. హిల్లెవీ, కోటు వేసుకో. బండివాడెవరో, ఏ పాకలో దించాడో నువ్వే చూపించాలి. చూపించలేకపోతే బండివాడు లేడని నేను అనుకుంటాను, ఊరికీ అలాగే చెబుతాను. అత్తయ్యా, మీరు చేతులతో పట్టిన పేర్లు ఎన్ని గుర్తుంటే అన్ని దారిలో చెప్పండి, నేను రాసుకుంటాను. దొరికిన పలకలు దొరికినట్టు సొరుగుల్లోకి వెళ్తాయి. నల్ల అట్టలు బయటికి వస్తాయి. కార్డు అందుకున్న ఇంటింటికీ తప్పు మాదే అని ఉత్తరం వెళ్తుంది, కింద మీ సంతకంతో. స్టూరె, రేపు పొద్దున మర తిరగదు. పన్నెండు మందినీ నిలబెట్టి, ఎవరి కోసం అంకెలు కొట్టించావో నీ నోటితో నువ్వు చెబుతావు. చెప్పకపోతే నేను చెబుతాను, నా చెప్పడం నీకు నచ్చదు. వాళ్లు సరే అనేదాకా మంగళవారం సంతకం లేదు. ఏమిటి చూస్తారు నా మొహం? లేవండి, చీకటి పడకముందే ఆ పాక తలుపు కొట్టాలి!"